ఆస్ట్రేలియా ఎడారి బాటలు – ముస్లిం సార్బానులు

కొన్నేళ్ళ క్రితం ఒక మిత్రుని కోరికపై ఇంగ్లీషులోని ఒక యాత్రా రచనను తెలుగు చేయవలసి వచ్చింది. కొందరు స్నేహితులు మోటారు సైకిళ్ళపై జట్టుగా బయలుదేరి, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో పగలంతా ప్రయాణించి, రాత్రిళ్ళు ఆరుబయట డేరాలు వేసుకొని, నెగడు చుట్టూ కూర్చొని కబుర్లు చెప్పుకొన్న వృత్తాంతం అది. అందులో ఒకచోట, తాము పాత 'ఘాన్' రైలు మార్గం వెంట ప్రయాణించామని రచయిత వ్రాశాడు. అది ఏదో ఊరి పేరు కాబోలు అనుకొని నేను 'ఘాన్' అనే ఉంచేశాను. ఆ రచన అచ్చయిన తరువాత ఒక వృద్ధ పాఠకుడు మస్జిదు వాకిట నన్ను ఆపి, "మౌల్వీ సాబ్, ఈ ఘాన్ అంటే ఏమిటి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు వెతకగా తెలిసిందేమంటే, ఆ మాట 'ఆఫ్ఘన్' అన్న పదానికి తోక మాత్రమే. ఆ రైలుకూ, దాని పక్కనున్న బాటకూ ఆ పేరు మనవాళ్ళ మూలంగా వచ్చింది. కరాచీ రేవులో ఓడ ఎక్కి, ఒంటెలతో ఆస్ట్రేలియాలో దిగి, అరవై ఏళ్ళకు పైగా ఆ ఎడారి బరువు మోసిన ముస్లిం సార్బానుల మూలంగా వచ్చింది. నేను అనువాదంలో దాటవేసిన ఆ ఒక్క మాట వెనుక ఎంత చరిత్ర ఉన్నదో పాఠకుల ముందు ఉంచడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది నా తప్పుకు దిద్దుబాటు కూడా.

బాటను నిర్ణయించినది నీరు

నేడు మోటారు సైకిలు యాత్రికులు ఎక్కువగా వెళ్ళే దారులలో ఒకటి ఊడ్నాడాటా బాట. మార్రీ అనే చిన్న ఊరిలో మొదలై, విలియం క్రీక్, ఊడ్నాడాటాల మీదుగా మార్లా వరకు సుమారు 620 కిలోమీటర్లు సాగే మట్టిదారి. పెట్రోలు దొరికే మజిలీల మధ్య దాదాపు 200 కిలోమీటర్ల ఎడం. నేల ఒకచోట గులకరాళ్ళ మైదానం, ఒకచోట పిండిలాంటి మెత్తని దుమ్ము, ఒకచోట ఇసుక. చక్రం ఎక్కడ కూరుకుపోతుందో తెలియదు. అందుకే ఒంటరిగా వెళ్ళేవారు తక్కువ. జట్టుగా వెళ్ళి, ముందు ఒకడు దారి చూపుతూ, వెనుక ఒకడు పడినవారిని లేవనెత్తుతూ సాగుతారు.

ఈ బాట ఇక్కడే ఎందుకు పడింది? ఆ ప్రాంతపు భూమి అడుగున విశాలమైన జలరాశి ఉంది. అది అక్కడక్కడ మట్టిదిబ్బల మధ్యనుండి ఊటలై పైకి ఉబుకుతుంది. ఈ ఊటలు వరుసగా, తీగకు గుచ్చిన పూసలవలె ఉత్తరానికి సాగుతాయి. అరబానా మొదలైన ఆదివాసి జాతులు వేల ఏళ్ళుగా ఈ ఊటల వెంటనే నడిచారు, వస్తుమార్పిడి చేసుకొన్నారు. తెల్లవారు వచ్చాక 1870-72లో పోర్ట్ ఆగస్టానుండి డార్విన్‌కు సుమారు 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ తీగ వేసినప్పుడు ఈ ప్రాంతంలో ఆ ఊటలనే అనుసరించారు. ఆ పైన రైలు కూడా అదే దారి పట్టింది. కనుక ఈ బాటను 'కనుగొన్నవారు' ముస్లిములని కానీ, యూరోపియన్లని కానీ చెప్పడం సత్యం కాదు. దారి తెలిసినవారు ఆదివాసులు. ఆ దారిమీద బరువు మోసినవారు మన సార్బానులు. ఈ తేడాను మనం మొదటనే గుర్తుంచుకోవాలి.

ఒంటె వచ్చిన విధం

యూరోపియన్లు మొదట గుర్రాలతోనూ ఎద్దుబండ్లతోనూ లోపలి భూభాగంలోకి ప్రవేశింపజూశారు. గుర్రానికి రోజూ నీరు కావాలి. దాని మేతను దానిపైననే మోయించాలి. ఎడారి మధ్యలో ఈ లెక్క కుదరలేదు. 1840లో కనారీ ద్వీపాలనుండి తెచ్చిన ఒక్క ఒంటె అడిలైడ్ రేవులో దిగింది. 1846లో జాన్ హారక్స్ అనే అన్వేషకుడు దానిని వెంటబెట్టుకొని వెళ్ళగా, అది కదలడంతో అతని తుపాకి పేలింది. ఆ గాయంతో అతడు మరణించాడు. ఒంటెను నడిపించడం తెలిసిన మనిషి లేకుండా ఒంటెను మాత్రం తెచ్చుకొన్నందువల్ల వచ్చిన ఫలితమిది.

ఆ లోటును గుర్తించి 1860లో (హిజ్రీ 1276-77) జార్జ్ లాండెల్స్ అనే వ్యక్తి 24 ఒంటెలను, వాటితోపాటు వాటిని నడిపేవారిని కరాచీనుండి మెల్బోర్న్‌కు తీసుకువెళ్ళాడు. ఆ సంవత్సరం ఆగస్టు 20న బయలుదేరిన బర్క్, విల్స్‌ల యాత్ర ఆస్ట్రేలియాలో ప్రతి బడిపిల్లవానికీ తెలుసు. నాయకులిద్దరూ 1861లో కూపర్ క్రీక్ వద్ద ఆకలితో మరణించారు. కింగ్ అనే అనుచరుణ్ణి యాండ్రువాంధా ఆదివాసులు అన్నం పెట్టి బ్రతికించారు. కాని ఆ యాత్రలో దోస్త్ మహమ్మద్, హసన్ ఖాన్, బెలూచ్ అనేవారున్నారని ఎంతమందికి తెలుసు? వారితోపాటు సమ్లా అనే హిందూ సోదరుడు కూడా ఉన్నాడు. ఆయన మతానికి సరిపడే ఆహారం దొరకక కొద్ది రోజులకే తప్పుకొన్నాడు. దోస్త్ మహమ్మద్‌పై మెనిండీ వద్ద ఒక మగ ఒంటె దాడిచేయగా ఆయన కుడిచేయి పనికిరాకుండా పోయింది. ఆయన మరల స్వదేశం చేరలేదు. ఆయన సమాధి నేటికీ మెనిండీ ఊరి వెలుపల ఉన్నది.

1866 నాటికి థామస్ ఎల్డర్ అనే భూస్వామి కరాచీనుండి 120కి పైగా ఒంటెలను, 31 మంది సార్బానులను రప్పించి, బెల్టానా అనేచోట ఒంటెల పెంపకం ప్రారంభించాడు. అక్కడినుండి ఈ వ్యవహారం స్థిరపడింది. 1920 ప్రాంతం వరకు సుమారు 2,000 నుండి 4,000 మంది మనుషులు, వేలాది ఒంటెలు సముద్రం దాటి వెళ్ళినట్లు చరిత్రకారుల అంచనా. మనుషులు సాధారణంగా మూడేళ్ళ ఒప్పందంపై వెళ్ళేవారు. కుటుంబాన్ని వెంట తీసుకుపోయే వీలు వారికి లేదు.

సార్బాను పని

ఒక్కొక్క ఒంటె ముక్కుపుల్లకు కట్టిన తాడును ముందున్న ఒంటె జీనుకు కట్టి, నలభై యాభై ఒంటెలను ఒకే బారుగా నడిపేవారు. రోజుకు 30 నుండి 40 కిలోమీటర్ల నడక. ఒక బలమైన మగ ఒంటె 300 నుండి 600 కిలోల బరువు మోసేది. వెళ్ళేటప్పుడు గోధుమపిండి, టీ, పంచదార, టెలిగ్రాఫ్ సామగ్రి, రైలు పట్టాల దిమ్మలు. తిరిగి వచ్చేటప్పుడు ఉన్ని బేళ్ళు. ప్రతి ఉదయం బరువును ఇరువైపులా సమంగా తూచి కట్టాలి. ప్రతి సాయంత్రం దించాలి. ఒంటె వీపు పుండు పడితే ఆ బారు అంతా ఆగిపోతుంది. ఈ పనిలో ఓర్పు, నేర్పు రెండూ కావాలి. అవి ఆనాటి యూరోపియన్లకు లేవు.

ఎడారి అన్వేషణలలో వీరి పాత్ర మరింత గొప్పది. 1873 జూలై 19న విలియం గాస్, ఆదివాసులు తరతరాలుగా ఉలూరు అని పిలుచుకొనే మహాశిలను చూసి దానికి దక్షిణ ఆస్ట్రేలియా చీఫ్ సెక్రటరీ పేరు పెట్టాడు. అతనితోపాటు దానిని ఎక్కినవాడు కమ్రాన్ అనే సార్బాను. అదే సంవత్సరం వార్‌బర్టన్ ఆలిస్ స్ప్రింగ్స్ నుండి పడమటికి 17 ఒంటెలతో బయలుదేరాడు. చివరకు మిగిలినవి రెండే. మిగతావి చనిపోగా, తప్పిపోగా, కొన్నింటిని కోసి తిని బ్రతికారు. ఆ యాత్రలో సాలెహ్, హలీం అనే ఇద్దరు సార్బానులున్నారు. 1875లో ఎర్నెస్ట్ గైల్స్ జట్టు 17 రోజులపాటు 325 మైళ్ళు నీటిచుక్క లేకుండా నడిచి ఒక ఊటను చేరింది. ఆ ఒంటెలను కాపాడుతూ నడిపించినవాడు సాలెహ్ మహమ్మద్ అనే మరొక సార్బాను. 1896లో లారెన్స్ వెల్స్ యాత్రలో ఇద్దరు తెల్లవారు దారితప్పి దాహంతో చనిపోయారు. మిగిలినవారు బ్రతికి బయటపడడంలో బలూచిస్తాన్‌కు చెందిన బేజా దర్వేష్ సేవకు కృతజ్ఞతగా వెల్స్ ఒక కొండకు ఆయన పేరు పెట్టి, తన దిక్సూచిని ఆయనకు బహుమతిగా ఇచ్చాడు. బేజా దర్వేష్ 1957లో మార్రీలో కన్నుమూశారు. 1939లో మాడిగన్ అనే శాస్త్రజ్ఞుడు సింప్సన్ ఎడారిని దాటినప్పుడు ఒంటెలను నడిపిన ఇద్దరిలో ఒకరు ఈయన కుమారుడే.

అయితే ఈ అన్వేషణలకు మరొక ముఖం కూడా ఉన్నది. నీటి జాడ చెప్పించడానికి వార్‌బర్టన్ వంటివారు ఆదివాసులను పట్టి బంధించారు. పెద్ద ఒంటెల బారు ఒక చిన్న ఊటను ఒక్కపూటలో ఖాళీచేసేది. ఆ ఊటపై ఆధారపడి జీవించే కుటుంబం గతి ఏమిటో ఎవరూ ఆలోచించలేదు. మన సార్బానులు ఆ జట్లలో జీతగాళ్ళే. అయినా ఆ జట్లలో ఉన్నారన్నది నిజం. దానిని దాచి చరిత్ర వ్రాయరాదు.

'ఆఫ్ఘన్' అన్న పేరు

వీరందరినీ ఆస్ట్రేలియన్లు 'ఆఫ్ఘన్లు' అన్నారు. వాస్తవానికి వీరిలో పఠానులతోపాటు బలూచీలు, సింధీలు, పంజాబీలు, కాశ్మీరీలు, రాజస్థాన్‌వారు కూడా ఉన్నారు. చాలామంది బ్రిటిష్ ఇండియా ప్రజలు, అంటే ఆస్ట్రేలియన్లవలె అదే ప్రభుత్వపు ప్రజలు. 'ఆఫ్ఘన్' అన్న ముద్రతో ఆ సంగతి మరుగునపడింది. భాష వేరు, వంశం వేరు, దేశం వేరు అయినవారిని ఒక్క మాటలో కుదించి, ఆ మాటను కూడా 'ఘాన్'గా కత్తిరించారు. వారి పేటకు 'ఘాన్‌టౌన్' అని పేరు. మార్రీలో రైలు పట్టాలకు ఒకవైపు తెల్లవారి ఇళ్ళు, హోటలు. రెండోవైపు సార్బానుల, ఆదివాసుల గుడిసెలు. సార్బానులలో కొందరు ఆదివాసి స్త్రీలను, కొందరు యూరోపియన్ స్త్రీలను వివాహమాడారు. వారి సంతతి నేటికీ ఆ ప్రాంతాలలో ఉన్నది.

రేకుల మస్జిదులు

ఇంత దూరదేశంలో, కుటుంబం లేక, ఖాజీ లేక, వారు తమ దీన్‌ను ఎలా నిలుపుకొన్నారు? మార్రీలో మట్టిగోడలతో, గడ్డి కప్పుతో, ముందు ఒక చిన్న నీటి కొలనుతో మస్జిదు కట్టుకొన్నారు. ఖర్జూరపు చెట్లు నాటుకొన్నారు. అడిలైడ్ నగరంలో 1888-89లో రాతి మస్జిదు నిర్మించారు. 1903లో దానికి నాలుగు మినార్లు చేర్చారు. బ్రోకెన్ హిల్ గనుల ఊరిలో ఒంటెల మకాం పక్కన తగరపు రేకులతో ఒక మస్జిదు వెలిసింది. మూడునెలల ప్రయాణం నుండి తిరిగి వచ్చినవాడు ముందుగా వుజూ చేసుకొని నిలబడేచోటు అదే. 1932లో ముసాఖాన్ అనే విద్యావంతుడు ఆస్ట్రేలియాలో ఇస్లాం చరిత్రను ఇంగ్లీషులో ఒక చిన్న గ్రంథంగా సంకలనం చేశారు. తమ కథ తామే చెప్పుకోవాలన్న ఆలోచన ఆనాడే వారిలో ఉన్నదనడానికి అది సాక్ష్యం.

బ్రోకెన్ హిల్ పేరు చెప్పినప్పుడు ఒక దుర్ఘటనను విడిచిపెట్టడం న్యాయం కాదు. 1915 జనవరి 1న ముల్లా అబ్దుల్లా, గుల్ మహమ్మద్ అనే ఇద్దరు, విహారానికి పోతున్న సామాన్య జనం ఉన్న రైలుపై కాల్పులు జరిపారు. ఆనాడు నలుగురు నిరపరాధులు మరణించారు. దాడిచేసినవారిద్దరూ చనిపోయారు. అనుమతి లేకుండా జుబహ్ చేశాడన్న నేరంపై ముల్లా అబ్దుల్లాకు జరిమానాలు పడిన మాట నిజమే. తుర్కీతో యుద్ధం మొదలైన రోజులన్నదీ నిజమే. కాని నిరాయుధులైన స్త్రీపురుషులపై తుపాకి పేల్చడానికి వీటిలో ఏదీ సమాధానం కాదు. ఆ రాత్రి గుంపు ఒకటి జర్మన్ల క్లబ్బును తగలబెట్టి, ఒంటెల మకాంపైకి కూడా బయలుదేరింది. అధికారులు అడ్డుకొన్నందువల్ల నిర్దోషులైన సార్బానులు బ్రతికిపోయారు.

చట్టమూ, లారీయూ

వారిని కష్టపెట్టినవి రెండు. మొదటిది చట్టం. 1901లో వచ్చిన వలస నియంత్రణ చట్టం క్రింద, వచ్చినవారికి ఏదో ఒక యూరోపియన్ భాషలో 50 మాటలు చెప్పి వ్రాయమనేవారు. ఇష్టంలేని మనిషికి రాని భాషను ఎంచుకొనేవారు. ఈ పరీక్ష 1958 వరకు రద్దు కాలేదు. 1903 చట్టం ఆసియావారికి పౌరసత్వం నిరాకరించింది. 1908లో వృద్ధాప్యపు పింఛను వచ్చినప్పుడు ఆసియాలో పుట్టినవారిని మినహాయించారు. దేశానికి తంతితీగ మోసినవాడు, రైలు దిమ్మలు మోసినవాడు ముసలివాడయ్యాక ఆ దేశపు పింఛనుకు అర్హుడు కాలేదు. బర్క్ అనే ఊరిలో వందలాది ఒంటెలతో వ్యాపారం చేసిన అబ్దుల్ వేడ్ వంటి ధనవంతుడు కూడా చివరకు ఆ దేశం విడిచి వెళ్ళిపోయాడు.

రెండవది మోటారు లారీ. 1920 దశకంలో అది వచ్చింది. ఒంటె మూడు వారాలు నడిచే దూరం దానికి కొద్ది రోజుల పని. 1925లో దక్షిణ ఆస్ట్రేలియా ఒంటెల నిర్మూలన చట్టం చేసింది. విచ్చలవిడిగా తిరిగే ఒంటెను కాల్చివేసే హక్కు దానివల్ల వచ్చింది. తమ చేతులతో పెంచిన ఒంటెలను చంపడానికి మనసొప్పక చాలామంది వాటిని ఎడారిలోకి వదిలిపెట్టారు. ఆ ఒంటెల సంతతి లక్షలకు పెరిగి, ఊటలను పాడుచేస్తున్నదని 2009-13 మధ్య సుమారు 1,60,000 ఒంటెలను తగ్గించారు. సార్బానులలో కొందరు స్వదేశం చేరారు. మరికొందరు ముసలితనంలో అడిలైడ్ మస్జిదు ఆవరణలోని గదులలో తలదాచుకొన్నారు. 1950 తరువాత యూరప్ నుండి వలస వచ్చిన బోస్నియా ముస్లిములు ఆ మస్జిదులో అడుగుపెట్టేసరికి, తలపాగాలతో ఆ వయోవృద్ధులు కొద్దిమంది మిగిలి ఉన్నారు.

పేరు తప్పిన పుస్తకం

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. అనువాదకునిగా నన్ను అన్నింటికన్న ఎక్కువగా కదిలించినది ఇదే. బ్రోకెన్ హిల్ మస్జిదు వాడుకలేక పాడుపడగా, స్థానిక చరిత్ర సంఘంవారు 1960 దశకంలో దానిని బాగుచేసి ప్రదర్శనశాలగా ఉంచారు. అది వారి మంచితనం. అక్కడ ఒక పాత పుస్తకం ఉండేది. దానిని ఏళ్ళ తరబడి పవిత్ర ఖుర్ఆన్ అని చూపుతూ వచ్చారు. చరిత్రకారిణి సమియా ఖాతూన్ ఆ పుస్తకం తెరిచి చూస్తే, అది అరబ్బీ కాదు, బెంగాలీ! కలకత్తాలో అచ్చయిన 'కససుల్ అంబియా', అంటే ప్రవక్తల గాథలను పద్యాలుగా పదిమందికి చదివి వినిపించే గ్రంథం. 2018లో వెలువడిన తన పుస్తకంలో ఆమె ఈ విషయం వివరించారు.

ఆలోచించండి. ఓడలలో పనిచేసిన బెంగాలీ ఖలాసీయో, తిరిగి అమ్ముకొనే వ్యాపారియో ఆ పుస్తకాన్ని అంత దూరం మోసుకుపోయి ఉంటాడు. ఆ రేకుల మస్జిదు చుట్టూ బెంగాలీ విని ఆనందించే చెవులు ఉండేవన్నమాట. కాని ముస్లిం అంటే ఆఫ్ఘన్, పాత పుస్తకం అంటే ఖుర్ఆన్ అన్న రెండు ముద్రల క్రింద ఆ మనిషి, ఆ భాష పూర్తిగా కనబడకుండా పోయారు. గౌరవంతో పెట్టిన పేరైనా తప్పు పేరు తప్పే. 'ఘాన్' అని వ్రాసి ముందుకు సాగిన నేనూ అదే పని చేశాను.

నేటి యాత్రికులు

ఊడ్నాడాటా వరకు 1891లోనూ, ఆలిస్ స్ప్రింగ్స్ వరకు 1929లోనూ వేసిన పాత రైలు మార్గం 1980లో మూతపడింది. కొత్త మార్గం పడమటగా వేశారు. దానిపై నడిచే రైలుకు నేటికీ 'ఘాన్' అనే పేరు. పాత మార్గం వెంట, 1976లో మొదలైన పందెంలో, ఏటా వందలాది మోటారు సైకిళ్ళు ఆలిస్ స్ప్రింగ్స్ నుండి ఫింకే వరకు దూసుకుపోతాయి. విహార జట్లు మార్రీలో ఆగి, అక్కడ జ్ఞాపకార్థం మళ్ళీ కట్టిన చిన్న మట్టి మస్జిదు ముందు నిలబడి ఫొటోలు తీసుకొంటాయి. రాత్రి అదే ఊటల దగ్గర డేరాలు వేసుకొంటాయి. చలికి నెగడు రాజేసుకొని, నీటి డబ్బాలు లెక్కపెట్టుకొని, రేపటి ఇసుక గురించి మాట్లాడుకొంటాయి. సార్బానులూ సరిగ్గా ఈ మాటలే మాట్లాడుకొని ఉంటారు. తేడా ఒక్కటే. యాత్రికుడు కష్టాన్ని కోరి వెళ్తాడు, పదిహేను రోజుల్లో ఇల్లు చేరతాడు. సార్బాను పొట్టకూటికి వెళ్ళాడు, చాలాసార్లు ఇల్లు చేరలేదు.

మన పూర్వికులను గురించి లేని గొప్పలు చెప్పుకోనవసరం లేదు. వారు ఖండాలను కనుగొనలేదు, రాజ్యాలను జయించలేదు. బరువులు మోశారు, మాట నిలుపుకొన్నారు, దారిలో నమాజు నిలుపుకొన్నారు. వారి వల్ల ఇతరులకు జరిగిన హానినీ మనం ఒప్పుకోవాలి. మిగిలినది వారి పేర్లను సరిగా వ్రాయడం: దోస్త్ మహమ్మద్, హసన్ ఖాన్, కమ్రాన్, సాలెహ్, హలీం, బేజా దర్వేష్. పేరు తెలియని ఆ బెంగాలీ పాఠకుడు కూడా.

ఆ యాత్రా రచన మరల అచ్చయితే 'ఘాన్' అన్నచోట ఏమి వ్రాయాలో నాకిప్పుడు తెలుసు. ప్రశ్న అడిగిన ఆ పెద్దాయనకు ఈ వ్యాసమే నా జవాబు.